భుజంలో ఉన్న ప్లేటు తీయించాలా, ఉండనివ్వాలా?

ఎముకలు – కీళ్లు: పాఠకుల ప్రశ్నలకు కర్నూలు ఆర్థోపెడిక్ సర్జన్ జవాబులు

భుజానికి ఆపరేషన్ అయినవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు రాసిన ఉత్తరాలు ఈ మధ్య చాలా వచ్చాయి. అడిగిన తీరు వేరు గానీ అందరి సందేహం ఒక్కటే: లోపలున్న లోహాన్ని తీయించాలా వద్దా? అందుకే ఈ సంచిక మొత్తం దానికే ఇస్తున్నాను. పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాను. వీటిలో ఒక ఉత్తరానికి పత్రిక అచ్చయ్యేదాకా ఆగకుండా ఆ రోజే ఫోన్లో జవాబు చెప్పాం. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నమస్తే సార్. నాకు నలభై ఆరేళ్లు. ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ పని చేస్తాను. రెండేళ్ల కిందట బైకు మీంచి పడితే కుడి భుజం ఎముక విరిగింది. ప్లేటు, స్క్రూలు వేశారు. ఎముక అతికింది. చెయ్యి భుజం ఎత్తుదాకా బాగానే లేస్తుంది, ఆపైన పట్టేస్తుంది. రాత్రిపూట ఆ పక్కకు తిరిగి పడుకోలేను. ఇనుము లోపల తుప్పు పడుతుందని, తీయించకపోతే క్యాన్సర్ వస్తుందని యార్డులో అంటున్నారు. తీయించమంటారా? తీయిస్తే మళ్లీ మూటలు ఎత్తొచ్చా?

జవాబు: ముందు ఆ భయం వదిలేయండి. ఇప్పుడు వేసే ప్లేట్లను టైటానియం మిశ్రమంతో గానీ, శరీరంలో పెట్టడానికే తయారుచేసే 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలుతో గానీ చేస్తారు. అవి బయటి ఇనుములాగా తుప్పు పట్టవు. క్యాన్సర్ వస్తుందేమోనని ఎవరూ ప్లేటు తీయించుకోవక్కర్లేదు. ఎముక అతికి, ప్లేటు ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటే దాన్ని జీవితాంతం అలాగే ఉంచుకోవచ్చు. రెండేళ్లయింది, మూడేళ్లయింది అని లెక్కపెట్టి పెద్దవాళ్ల భుజంలో ప్లేటు తీయరు. అది బాధ పెడుతుంటే తీస్తారు, లేదా ఉంచితే ప్రమాదమైతే తీస్తారు.

మీకు బాధ ఉంది. అది ప్లేటు వల్లేనా అన్నది తేల్చాలి. మీరు చెప్పిన లక్షణాలకు మూడు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ప్లేటు కాస్త పైకి కూర్చోవడం. చెయ్యి ఎత్తినప్పుడు ప్లేటు పై అంచు భుజం కప్పు ఎముకకు తగిలి ఆగిపోతుంది. రెండు, స్క్రూ మొన బంతి ఎముకను దాటి కీలులోకి పొడుచుకురావడం. మూడు, కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుపోవడం. ఈ మూడోదానికి ప్లేటు తీసినంత మాత్రాన ఫలితం ఉండదు. వ్యాయామం, కొందరికి బిగుసుకున్న పొరను వదులు చేయడం కావాలి.

వీటిలో నేను భయపడేది రెండోదానికి. విరిగినప్పుడు బంతి ఎముకకు రక్తసరఫరా దెబ్బతింటే, అతికిన తరువాత కూడా అది నెమ్మదిగా కుంగుతుంది. ఎముక కుంగుతుంది గానీ స్క్రూ పొడవు తగ్గదు కదా. మొన బయటికొచ్చి ఎదుటి గిన్నె ఎముక మీది మృదులాస్థిని గీస్తుంది. ఆ మృదులాస్థి మళ్లీ పెరగదు. చెయ్యి తిప్పుతుంటే లోపల గరగర వినిపిస్తే, నొప్పి రోజురోజుకూ పెరుగుతుంటే అది పంట అయ్యేదాకా, పెళ్లి అయ్యేదాకా ఆగే విషయం కాదు. ఎదురుగా తీసిన ఒక్క ఎక్స్‌రేతో ఇది తెలియకపోవచ్చు. చంక వైపు నుంచి తీసే ఎక్స్‌రే కూడా అడగండి. అనుమానం తీరకపోతే సీటీ స్కాన్ తీస్తారు.

తీయడం అనే మాట చిన్నదిగా వినిపిస్తుంది. వేసినప్పుడు గంట పట్టినది తీసేటప్పుడు అంతకన్నా ఎక్కువ పట్టిన సందర్భాలు మాకు మామూలే. పాత మచ్చ మీదే కోస్తాం. లోపల కండలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఒక్కో పొరా విడదీసుకుంటూ పోవాలి. భుజం కండను ఆడించే యాక్సిలరీ నరం, భుజం కప్పు ఎముక అంచు నుంచి సుమారు ఐదారు సెంటీమీటర్ల కింద అడ్డంగా పోతుంది. దానికి దెబ్బ తగిలితే చెయ్యి పక్కకు లేవదు. కాబట్టి సర్జన్ చెయ్యి అక్కడ చాలా నిదానంగా పనిచేయాలి.

ప్లేటు కనబడ్డాక స్క్రూల వంతు. ఈ రకం స్క్రూల తలకు కూడా మరలు ఉంటాయి, అవి ప్లేటులోకి బిగుసుకుంటాయి. టైటానియం అయితే, వేసేటప్పుడు అవసరానికి మించి బిగించి ఉంటే, తల ప్లేటుకు పట్టేసి కదలనే కదలదు. అందుకే ముందు తలలోని గుంతలో పేరుకున్న కండను సన్నటి మొనతో గీకి శుభ్రం చేస్తాం. స్క్రూడ్రైవర్ అడుగుదాకా దిగిందని నిర్ధారించుకున్నాకే తిప్పుతాం. అది పూర్తిగా దిగకుండా తిప్పితే అరిగిన నట్టు మీద స్పానర్ జారినట్టు జారి గుంత అంచులు పోతాయి. అప్పుడు ఎదురు మరలు ఉన్న మొనను అందులోకి దింపి లాగాలి. దానికీ రాకపోతే గట్టి కార్బైడ్ డ్రిల్లుతో తలను తొలిచేసి, రాలిన లోహపు పొడిని సెలైన్‌తో కడిగేయాలి. అలాంటప్పుడు స్క్రూ కాడ ముక్క ఎముకలోనే ఉండిపోవచ్చు. దానికోసం మంచి ఎముకను తవ్వడం కన్నా వదిలేయడమే మేలని నా అభిప్రాయం. ఆ మాట ఆపరేషన్‌కు ముందే మీకు చెప్పే డాక్టరు దగ్గర ధైర్యంగా చేయించుకోండి.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. పాత డిశ్చార్జి కాగితం వెతకండి. దానికి ప్లేటు, స్క్రూల స్టిక్కర్లు అంటించి ఉంటే వాటి కంపెనీ, సైజు తెలుస్తాయి. 3.5 మిల్లీమీటర్ల స్క్రూ తలలో కొన్నింటికి ఆరు పలకల గుంత ఉంటుంది, కొన్నింటికి నక్షత్రం ఆకారపు గుంత ఉంటుంది. తగిన స్క్రూడ్రైవర్ లేకుండా కోత పెట్టకూడదు. కాగితం పోయి ఉంటే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రికార్డు సెక్షన్‌లో అడగండి. ఈ కాగితాన్ని రేషన్ కార్డు, ఆధార్ పెట్టుకునే చోటే పెట్టుకోవాలని నా పేషెంట్లందరికీ చెబుతాను.

మూటల సంగతి. ప్లేటు తీసిన చోట స్క్రూ రంధ్రాలు మిగులుతాయి. అవి పూడేదాకా ఎముక బలహీనంగా ఉంటుంది. చెయ్యి కదపడం మొదటి రోజుల నుంచే మొదలుపెట్టిస్తారు, కుట్లు రెండు వారాలకు తీస్తారు. బరువు మాత్రం దాదాపు మూడు నెలలు ఎత్తకూడదు. రోజు కూలి మీద బతికే ఇంటికి మూడు నెలలంటే ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఇంట్లో కూర్చుని ఆ లెక్క వేసుకున్నాకే తేదీ పెట్టించుకోండి. తీశాక చెయ్యి పూర్తిగా పైకి పోతుందని ముందే మాట ఇవ్వలేను. ప్లేటు తగలడమే కారణమైతే నొప్పి తగ్గి మెరుగవుతుంది.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది మైదుకూరు. మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. కబడ్డీలో పడి కాలర్ బోను చివర విరిగితే రెండు వైర్లు గుచ్చారు. నెలన్నరకు వస్తే తీస్తామన్నారు. నొప్పి లేదని, కాలేజీ ఉందని వాడు పోలేదు. ఆరు నెలలైంది. చర్మం కింద చేతికి తగులుతుండిన రెండు కొనల్లో ఇప్పుడు ఒకటే తగులుతోంది. మెడ పక్కన అప్పుడప్పుడు చురుక్కుమంటోందని అంటున్నాడు. డిగ్రీ పరీక్షలయ్యాక తీసుకుపోవచ్చా?

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదివిన రోజే మీతో ఫోన్లో మాట్లాడాం. బాబుకు అదే రోజు ఎక్స్‌రే, మరునాడు సీటీ తీయించారు. వైరు కాలర్ బోను వెనక నుంచి మెడ మొదటికి జరిగి ఉంది. ఛాతీ ఆపరేషన్లు చేసే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లారు, రెండు వైర్లూ తీసేశారు. బాబు బాగున్నాడు. మీ అనుమతితోనే ఈ ఉత్తరం వేస్తున్నాను, ఎందుకంటే ఇలా వైర్లు మరిచిపోయిన ఇళ్లు ఇంకా ఉన్నాయి.

వీటిని మేము కే-వైర్లు అంటాం. జర్మన్ సర్జన్ మార్టిన్ కిర్ష్నర్ 1909లో వాడుకలోకి తెచ్చాడు, ఆయన పేరే వచ్చింది. చాలావరకు నున్నటి సన్నటి ఉక్కు కమ్మీలు. వేళ్లలో, మణికట్టులో ఎంతో ఉపయోగపడతాయి. భుజం దగ్గర మాత్రం వీటిని కనిపెట్టుకుని ఉండాలి. భుజం అన్ని వైపులా తిరిగే కీలు, పైగా ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీ కదులుతుంది. ఆ కదలికకు వైరు కొద్దికొద్దిగా వదులై ప్రయాణం మొదలుపెడుతుంది. భుజంలో గుచ్చిన వైరు ఊపిరితిత్తిలోకి పోయిన సంగతి 1943లోనే వైద్య పత్రికలో అచ్చయింది. ఆ తరువాత గుండె దగ్గర, పెద్ద రక్తనాళాల్లో, వెన్ను కాలువలో దొరికిన సందర్భాలు రాశారు. ప్రాణాలు పోయినవీ ఉన్నాయి. కొందరిలో కొన్ని రోజులకే కదిలింది, కొందరిలో ఏళ్ల తరువాత. మరలున్న వైరు కూడా కదులుతుంది.

అందుకే భుజంలో గానీ కాలర్ బోనులో గానీ వైరు ఉన్నవాళ్లు నొప్పి లేదని ఊరుకోకండి. వైరు జరిగిపోతున్నప్పుడు నొప్పి ఉండాలనే నియమం ఏమీ లేదు. వైరు కొన బయట వంచి ఉందా అని అడగండి. అది ఉన్నన్నాళ్లూ రెండు మూడు వారాలకొకసారి ఎక్స్‌రే తీయించండి. తీయడానికి చెప్పిన తేదీని గోడ మీది క్యాలెండర్‌లో రాసి పెట్టండి. సాధారణంగా ఆరు వారాలు, అటూ ఇటూగా. కొన తగలడం మానేసినా, లోపలికి పోయినట్టు అనిపించినా చేతిని జోలెలో వేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నూనె రాసి పిసకొద్దు, ఇంట్లో పట్టుకారుతో లాగే ప్రయత్నం అసలొద్దు. భుజంతో పాటు ఛాతీ ఎక్స్‌రే కూడా తీయమని మీరే అడగండి. ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: సార్, మాది కళ్యాణదుర్గం. మా ఆయనకు భుజం పైన కీలు జారితే హుక్ ప్లేటు వేసినారు. మూడో నెలలో తీయాలన్నారు. ఇప్పుడు ఐదో నెల. నొప్పేమీ లేదు, శనక్కాయ పీకి, కట్టె ఇల్లు చేరినాక చూద్దాంలే అంటాడు. ఆగొచ్చునా?

జవాబు: ఆగకూడదమ్మా. పైన ఆదోని ఆయనకు ప్లేటు ఉంచుకోవచ్చన్నాను, మీ ఆయనది ఆ రకం కాదు. ఈ ప్లేటుకున్న కొక్కెం భుజం కప్పు ఎముక కిందికి దూరి ఉంటుంది. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ ఆ ఎముకను కింది నుంచి ఒరుసుకుంటుంది. ఉంచిన కొద్దీ ఎముక తినేస్తుంది, ఒక్కోసారి కొక్కెం ఎముకను చీల్చుకుని పైకి వస్తుంది. కిందనే ఉన్న కండర బంధనం కూడా చిరగొచ్చు. ఎముకలను కలిపి ఉంచే లోపలి పట్టీలు (లిగమెంట్లు) అతికేదాకా పట్టి ఉంచడమే దీని పని, మూడు నాలుగు నెలల్లో ఆ పని అయిపోతుంది. శనక్కాయ పీకడం, మోపులు ఎత్తి ట్రాక్టరులోకి వేయడం ఈ ప్లేటుతో చేయించొద్దు. పనికి కూలీని మాట్లాడుకోండి, ఈ వారమే ఎక్స్‌రే తీయించండి. ఇది తీసే ఆపరేషన్ ఆదోని ఆయనదాని కన్నా చాలా సులువు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పోతారు.

ప్రశ్న: ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనిలో పని చేస్తాను. పోయిన ఏడాది సమ్మెటతో ఉలిని కొడుతుంటే ఏదో ఎగిరొచ్చి ఎడమ భుజంలో గుచ్చుకుంది. రక్తం తుడిచి పసుపు పెట్టుకున్నా, మానింది. ఒత్తితే సన్నగా గుచ్చినట్టు ఉంటుంది. ఇప్పుడు నడుము నొప్పికి ఎమ్మారై రాశారు. దానికీ దీనికీ సంబంధం ఉందా సార్?

జవాబు: ఉంది నాయనా. ఎమ్మారైకి పోయే ముందు భుజం ఎక్స్‌రే తీయించు, స్కానింగ్ గదిలో వాళ్లకు ఈ సంగతి నోటితో చెప్పు. ఎమ్మారై యంత్రం పెద్ద అయస్కాంతం. ఆపరేషన్‌లో వేసే టైటానియంను అది లాగదు. ఉలి నుంచి, సమ్మెట అంచు నుంచి ఎగిరిన ఉక్కు ముక్కను లాగుతుంది. కంట్లో ఎప్పుడైనా రజను పడి ఉంటే అది కూడా తప్పకుండా చెప్పాలి, కంటి లోపలి ముక్క కదిలితే చూపే పోవచ్చు. భుజంలో ఉక్కు ఉందని తేలితే, ఎక్కడుంది, ఎంత ఉంది అన్నది చూసి ఎమ్మారై తీయొచ్చా, దాని బదులు సీటీ సరిపోతుందా అని రేడియాలజిస్టు చెబుతారు.

ఇక ముక్కను తీయాలా? కండలో లోతుగా, నరానికి, రక్తనాళానికి దూరంగా, చీము లేకుండా ఉంటే వదిలేయడం మంచిది. బయటి మచ్చ గోరంత ఉందని సులువనుకోవద్దు. చేతికి తగిలే ముక్క కూడా కోశాక కండల మధ్య జారిపోయి దొరకదు. అందుకే సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రంతో తెర మీద చూస్తూ, సూదిని గుర్తుగా పెట్టుకుని వెతుకుతాం. కీలు లోపల ఉంటే మాత్రం తీయాల్సిందే. చిన్నదైతే కెమెరా గొట్టంతో రెండు మూడు రంధ్రాల నుంచి తీయొచ్చు. నాటు తుపాకీ గుండు, బుల్లెట్ కీలులో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. కీలులోని ద్రవంలో సీసం కొద్దికొద్దిగా కరిగి రక్తంలో కలుస్తుంది, కీలూ పాడవుతుంది.

కంప కొడుతూ, కట్టెల మోపు మోస్తూ ముల్లు విరిగి దిగినవాళ్లకు ఒక మాట. ముల్లు ఎక్స్‌రేలో కనబడదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని ఊరుకోవద్దు. వాపు తగ్గుతూ వస్తూ ఉంటే అల్ట్రాసౌండ్ తీయించండి, అందులో కనబడుతుంది. ఏది గుచ్చుకున్నా ధనుర్వాతం ఇంజెక్షన్ మరవొద్దు.

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై ఒకటి. షుగరు ఉంది. ఏడాదిన్నర కిందట భుజం కీలు మార్చారు. ఆరు నెలలుగా సన్నటి నొప్పి, చెయ్యి బిగుసుకుంటోంది. జ్వరం లేదు, వాపు లేదు, రక్త పరీక్షలన్నీ నార్మల్. అయినా కీలులో నీరు తీసి పద్నాలుగు రోజులు పరీక్షకు పెడతామంటున్నారు, అవసరమైతే కీలు తీసేస్తామంటున్నారు. అన్నీ నార్మల్ అయితే ఇదంతా ఎందుకని టెన్షన్‌గా ఉంది. (ప్రొద్దుటూరు)

జవాబు: మీ డాక్టరు సరైన దారిలోనే ఉన్నారు. భుజం, చంక దగ్గరి చర్మపు రంధ్రాల్లో క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి అందరికీ ఉంటుంది. మొటిమల్లో ఉండేదీ అదే. కృత్రిమ కీలు మీద చేరితే అది చీము పట్టించదు, జ్వరం తెప్పించదు. ఇన్ఫెక్షన్ కోసం చేసే రక్త పరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ రెండూ నార్మల్‌గా ఉండొచ్చు. నొప్పి, బిగుసుకోవడం, కీలు వదులు కావడం మాత్రమే కనిపిస్తాయి. ఇది చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మామూలుగా కల్చర్‌ను, అంటే సూక్ష్మజీవి పెరుగుతుందేమోనని పెట్టి చూసే పరీక్షను, ఐదు రోజులకు తీసేస్తారు, దీనికి పద్నాలుగు రోజులు ఆగాలి. నీరు తీసే ముందు మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేయకండి. వేస్తే సూక్ష్మజీవి ఉన్నా కల్చర్‌లో కనబడకపోవచ్చు, జబ్బు లోపలే ఉండిపోతుంది.

ఇన్ఫెక్షన్ అని తేలితే రెండు దారులు. పాతది తీసి, కడిగి, అదే పూట కొత్తది వేయడం ఒకటి. తీసేసి, మందు కలిపిన సిమెంటు ముద్దను తాత్కాలికంగా కీలు స్థానంలో పెట్టి, కొన్ని వారాలు యాంటీబయాటిక్ ఇచ్చి, తగ్గాక కొత్తది వేయడం రెండోది. సూక్ష్మజీవి రకం, ఎముక ఎంత మిగిలింది, అమ్మ ఆరోగ్యం చూసి ఎంచుకుంటారు. మొట్టమొదటి కృత్రిమ భుజం కీలును 1893లో పారిస్‌లో పెయాన్ అనే సర్జన్ వేశాడు. ప్లాటినం, గట్టి రబ్బరుతో చేసినది. క్షయతో భుజం పాడైన ఒక రొట్టెల పనివాడికి వేస్తే, ఇన్ఫెక్షన్ తగ్గక రెండేళ్లకు తీసేయాల్సి వచ్చింది. అప్పుడు యాంటీబయాటిక్కులు లేవు. ఇప్పుడు తీసినవాళ్లలో చాలామందికి మళ్లీ కీలు వేయగలుగుతున్నాం. అందుకే తీసేస్తామన్న మాటకు బెంబేలు పడకండి. ఈలోపు షుగరు అదుపులో పెట్టండి, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి.

మత్తు గురించి కూడా చెప్పాలి. భుజం ఆపరేషన్లకు మెడ పక్కన సూదితో నరాలకు మత్తు ఇస్తారు. దానివల్ల ఆ వైపు ఊపిరి తీసే కండ కొన్ని గంటలు పనిచేయదు. ఆరోగ్యవంతులకు ఇది పెద్దగా తెలియదు. అమ్మకు ఆస్తమా గానీ ఆయాసం గానీ ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.

ప్రశ్న: తీసిన ప్లేటు మనకే ఇస్తారా? డబ్బు పెట్టి కొన్నది కదా. (అనంతపురం)

జవాబు: అడగండి. కొన్ని ఆసుపత్రులు శుభ్రం చేసి, రాయించుకుని ఇస్తాయి. ఇవ్వకపోతే అది 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం నీలం డబ్బాలోకి పోతుంది. ఇంకొకరికి మళ్లీ వేయడమనేది ఉండదు, ఉండకూడదు. తుపాకీ గుండు, బాంబు ముక్క అయితే మీకు ఇవ్వరు. సీలు వేసి పోలీసులకు అప్పగిస్తారు, అది కేసులో సాక్ష్యం.